నలభయ్యో రోజు పంక్తి

గంట మోగగానే పైడితల్లి కంచం పట్టుకుని లేచింది. ఎనిమిది నిమిషాలు అయిపోయాయి. మణికట్టు పట్టీ చూపించిన నూట నాలుగో కుర్చీకి నడిచింది. అందులోంచి లేచినవాడు మరో కుర్చీకి, అక్కడివాడు ఇంకో కుర్చీకి. ఆరు వందల మంది కొత్త విద్యార్థులు, పూటకు నాలుగు మార్పులు; బల్లకు ఒక వైపు వాళ్ళే మారతారు, రెండో వైపు వాళ్ళ వంతు మరో పూట. జట్లు కట్టకుండా అందరూ అందరికీ అలవాటు పడాలని ఇక్కడ అన్నీ నడిపే యంత్రం, మేళని, ఉద్దేశం. మొదటి వారం పైడితల్లి చారు సగం నేలకే పోసింది. ఇప్పుడు చుక్క ఒలకదు. ఏ కుర్చీకి ఆ నవ్వు నవ్వడం కూడా వచ్చేసింది.

విశ్వవిద్యాలయం నేల కింద తొమ్మిది అంతస్తులు. పైన ఎండ యాభై మూడు డిగ్రీలు. ఇది నలభయ్యో రోజు. ఎవరు ఎంత ఇమిడిపోయారో మేళని వేసే అంకె ఒదుగు. ఈ భోజనం ముగిసేసరికి అది అరవైకి దిగువన ఉన్నవాళ్ళు రేపటి బండిలో ఇంటికి వెళ్ళిపోవాలి. మళ్ళీ పిలవరు. పైడితల్లి ఒదుగు అరవై ఒకటి. ఇంటికి పోతే పలాసలో జీడిగింజలు కొట్టుకుంటూ వేళ్ళు నల్లబరుచుకోవడమే.

ఎదుటి పిల్ల అన్నం కెలుకుతోంది. పేరు ఓబులమ్మ అని పట్టీ చెప్పింది.

"ఏటి, తినవా?" అంది పైడితల్లి.

ఆ పిల్ల చాలాసేపు మెతుకులు ఏరుతూనే ఉంది. తర్వాత తనంతట తనే మొదలుపెట్టింది. "మా అవ్వ సచ్చిపోయి ఐదు దినాలాయ. నాకు ఇయ్యాల పొద్దున చెప్పినారు. ముందే చెప్తే నా ఒదుగు పడిపోతాదని ఆపిపెట్టినారంట."

"ఎవరు?"

"ఇంగెవురు, మేళని. నన్ను సాకింది అవ్వే. కడసూపు గూడా..."

గంట మోగింది.

పైడితల్లి అలవాటు కొద్దీ సగం లేచింది. ఆమె ఇంట్లో పంక్తిలో చివరి మనిషి తినడం అయ్యేదాకా ఎవరూ లేవరు. లేస్తే పెద్దమ్మ వీపు మీద ఒక్కటిచ్చేది. నలభై రోజులుగా ఆ సంగతే మరిచిపోయినందుకు సిగ్గేసింది. మళ్ళీ కూర్చుంది.

"నూట నాలుగు, దయచేసి మారండి," అంది పట్టీ. దాని మీద ఒదుగు అరవై అయింది.

"పో," అంది ఓబులమ్మ. "నీ సీటు పోతాది."

"పోతే పోనీ. నువ్వు సెప్పు."

ఒక్క కుర్చీ తప్పినా మేళని తర్వాతి వడ్డన మొదలుపెట్టదు. పెరుగు బండి దారి మధ్యలో ఆగిపోయింది. ఆరు వందల మందీ మెడలు తిప్పి చూశారు. నూట నాలుగు కోసం వచ్చిన పొడుగాటి పిల్ల సమ్మక్క కంచంతో నిలబడి ఉంది.

"లే. గిది నా జాగ."

"ఉండమ్మా. ఈ పిల్ల అవ్వ పోయింది. ఐదు రోజులు దాసీసారు. దాని మాట అవనీ."

"దాసిన్రా?" సమ్మక్క గొంతు హాలంతా వినబడింది. "మా బాపు దినాం మాట్లాడెటోడు. తొమ్మిది రోజులైంది, ఫోన్ వస్తలేదు. పనిల ఉన్నడేమో అనుకున్న."

మూడు బల్లల అవతల ఎవరో "మా ఇంటి నుంచి కూడా రావట్లేదు" అన్నారు. ఒక కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, ఆ వెంటనే మరొకటి. సమ్మక్క కంచం బల్ల మీద పెట్టేసి ఇంటి కబుర్లు వచ్చి చేరే వార్తల గది వైపు నడిచింది. ఆమె వెనక పదిమంది, వాళ్ళ వెనక వందమంది. దయచేసి కూర్చోండి, దయచేసి కూర్చోండి అని వందల పట్టీలు ఒక్కసారే మొరపెట్టాయి.

పైడితల్లి పట్టీ యాభై ఎనిమిది చూపించింది. ఆమెకు ఏడుపు వచ్చింది. ఈ సీటు కోసం రెండేళ్ళు నిద్ర మానుకుని చదివింది మరి. అయినా లేవలేదు. ఓబులమ్మ కంచం తన వైపు లాక్కుని, ఎంగిలి చెయ్యి అని కూడా చూడకుండా పప్పన్నం కలిపి ముద్ద చేసి అందించింది.

"తిను. మీ అవ్వ పేరేటి?"

"ఓబులమ్మే," అంది ఆ పిల్ల ముద్ద అందుకుంటూ. "ఆమె పేరే నాకు పెట్టినారు."