కొట్టేసిన జవాబులు

పొద్దున్నే ముందరి గదిలో మగ్గం చప్పుడు మొదలైంది. సదానందం జంపఖానా నేస్తున్నాడు. మూలన అతని తల్లి రాములవ్వ రాట్నం ముందు కూర్చుని దారం కండెలు చుడుతోంది. వాసంతి కూతురికి జడ వేస్తూ, "ఇయ్యాల మీ సార్‌ను కలుస్తా" అంది.

ఇందు తల గుంజుకుంది. "వద్దే అమ్మా. పదకొండు మార్కులొస్తే ఎవరు తీసుకుంటరు?"

గల్లీలోని చిన్న బడి మూతపడ్డాక, జూన్‌లో ఇందును హనుమకొండలో పెద్ద స్కూల్లో ఎనిమిదో తరగతిలో చేర్పించారు. అక్కడ లెక్కల్లో చురుకైన పిల్లలకు సాయంత్రం వేరే క్లాసు ఉంది. దానికి పెట్టిన పరీక్షలో, సారు లెక్క చెప్పడం పూర్తికాకముందే జవాబు చెప్పే ఇందు యాభైకి పదకొండే తెచ్చుకుంది.

"దానికి లేని ఫికర్ నీకెందుకే?" అంది రాములవ్వ. "ఉన్న క్లాసుల సదువుకోనియ్."

వాసంతి జడకు రిబ్బను బిగించి కట్టింది. అత్తకు పిల్ల చదువంటే పడదని మనసులో గట్టిగా అనుకుంది.

స్కూల్లో లెక్కల సారు రాజేశ్వర్ రావు జవాబు పత్రం తీసి చూపించబోయి, తనే ఆగిపోయాడు.

"ఇటు చూడండమ్మా. జవాబు సరిగ్గా వచ్చింది. దాన్ని కొట్టేసి తప్పు రాసింది. ఒకటి కాదు, ఎనిమిది లెక్కలు ఇట్లనే. నేను మార్కులే చూసిన, ఇది చూడలే. ఇంట్ల ఏమన్న ఇబ్బంది ఉన్నదా?"

వాసంతి ఆ కొట్టేసిన జవాబులను ఒక్కొక్కటే చూసింది. శనివారం మళ్లీ రాయిస్తానన్నాడు సారు.

సాయంత్రం ఇల్లు చేరగానే ఆమె అత్త ముందు నిలబడింది. "పరీక్ష పాడు చెయ్యమని మీరే చెప్పిన్రా అత్తమ్మా?"

"నేనెందుకు చెప్త?" రాములవ్వ తెల్లబోయింది.

"బాపమ్మను అనకు" అంది ఇందు. "ఆ క్లాసు ఆరున్నర దాకా ఉంటది. దారం తెగితే బాపమ్మకు పోగు కనవడ్తలేదు. బడి నుంచి వచ్చి నేనే ముడేస్తాన. చెప్తే రాట్నం కాడ నుంచి లేపుతరని చెప్పొద్దన్నది."

మగ్గం ఆగింది. ఒకే గదిలో పొద్దంతా తిరిగే పెద్దవాళ్లిద్దరికీ కనపడనిది పన్నెండేళ్ల పిల్లకు కనపడింది. వాసంతికి తన మీద తనకే సిగ్గేసింది.

రాములవ్వ తడుముకుంటూ మనవరాలి మొహం పట్టుకుంది. "ఎంత పని చేసినవ్ బిడ్డా. ఖాళీగ కూసుంటే బరువైతననుకున్న. నీకు అడ్డమైతనని అనుకోలే."

"ఎవలకు బరువు, అవ్వా?" సదానందం దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "రేపు కండ్ల దవాఖానకు పోదాం."

"పోదాం తియ్" అంది రాములవ్వ. " శనివారం మాత్రం ఇది సక్కగ రాయాలె."

ఇందు రాసింది. నలభై ఏడు వచ్చాయి. ఆ వారమే రాములవ్వకు ఒక కంటికి ఆపరేషన్ అయింది.

కొత్త క్లాసు మొదలైన రోజు రాట్నం దగ్గర వాసంతి కూర్చుంది. ఆమె చుట్టిన కండెలు రెండు వదులై జారిపోతే సదానందం నవ్వి, మళ్లీ చుట్టమని ఇచ్చాడు. ఆరున్నర దాటింది. నల్లద్దాలు పెట్టుకున్న రాములవ్వ గడప మీద కూర్చుని, మలుపులోనే మనవరాలి అడుగులు గుర్తుపట్టింది.

"ఇయ్యాల ఏం చెప్పిన్రే?"

"నీకు సమజ్ కాదు బాపమ్మా."

రాములవ్వ జరిగి పక్కన చోటిచ్చింది. "కాకుంటే మళ్ల చెప్పు. నాకేం తొందరున్నది?"