ఈగని చంపనన్న అమ్మాయి

"చంపను!" అంది సినిమాలకి చప్పుళ్ళు చేసిపెట్టే ఎఫెక్ట్స్ అమ్మాయి, చేతిలోని వేరుశెనగ కాయ బల్ల మీద పెట్టేసి.

కొత్త డైరెక్టరు తల పట్టుకున్నాడు. అతని మొదటి సినిమా, నిండా కత్తులూ ఎగిరి తన్నడాలూ. ఇవాళ శబ్దాలు కలుపుతున్నది చివరి రీలుకి. ఇది అయిపోతే ఈ గదికి రావడానికి అతనికి వంకే ఉండదు. మూడు వారాలుగా దాచుకున్న మాట ఇవాళైనా ఆమెకి చెప్పెయ్యాలి. ఈవిడేమో ఈగ దగ్గర మొరాయించింది!

"ఏమైందండీ? సినిమాలో గురువుగారు కత్తి విసురుతాడు, ఈగ రెండు ముక్కలవుతుంది. మీరు కాయ చిట్లగొడితే చాలు."

"మీ గురువుగారు మొదట్లో ఏం చేశాడు? చీమల బారు అడ్డొస్తే శిష్యులందర్నీ ఆపేసి, ప్రాణమన్నాక ప్రాణమే అన్నాడు. ఇప్పుడు ఈగని నరుకుతాడా?"

"అది చీమ, ఇది ఈగ కదండీ..."

"ఓహో, రెక్కలుంటే చంపొచ్చన్నమాట!"

అద్దం అవతల మిషన్ల ముందు కూర్చున్న ఇంజనీరు, ఆమె తండ్రి, స్పీకర్లో పకపకా నవ్వాడు.

"మళ్ళీ షూటింగంటే నిర్మాత నన్ను నరుకుతాడండీ!"

"షూటింగెందుకు? తెర మీద ఈగ ఎక్కడుంది? కత్తి మెరుపూ, ఆయన మొహమూ, అంతే. ఈగ ఉన్నదంతా నా చేతుల్లోనే."

ఆమె చిన్న ఫ్యానుకి కాగితం ముక్క ఆనించింది. జుయ్... ఈగ వచ్చింది. కత్తి సర్రుమంది. నిశ్శబ్దం. అంతలో మళ్ళీ జుయ్‌మంటూ ఈగ గురువు చెవి పక్కనుంచి హాయిగా వెళ్ళిపోయింది. తెర మీద ఆయన చిరునవ్వుకి ఇప్పుడు అర్థం వచ్చింది.

డైరెక్టరు కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. "అద్భుతం! చంపగలిగీ వదిలేశాడు! మీరు..."

ఫట్!

అతని చెంప చురుక్కుమంది. ఆమె అరచేతి కింద దోమ ఒకటి అప్పడమైపోయింది.

"చీమకి దారి, ఈగకి ప్రాణం, దోమకి చావా? మీకన్నా మా గురువే నయం!"

"అది మీ రక్తం తాగుతోంది! చూస్తూ ఊరుకోమంటారా?"

"నా రక్తం తాగితే మీకేంటి?"

మూడు వారాలుగా దేనికైనా టక్కున జవాబు చెప్పే అమ్మాయి మొహం ఎర్రబడింది. అతనికి ఒళ్ళంతా పులకరించింది. ఇంత ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందో గాని, అడిగేశాడు.

"నాకు మీరంటే ఇష్టమండీ. చాలా. రేపట్నుంచి ఇక్కడికి ఏ పనుందని రాను?"

"పనేమీ లేదు, నన్ను చూడ్డానికే వచ్చానని చెప్పండి" అంది, కళ్ళు దించుకుని.

స్పీకరు దగ్గింది.

"అల్లుడుగారూ, రేపు రండి, కాదనను. అమ్మాయ్, దోమ ఎప్పుడో చచ్చింది. ఇక చెయ్యి తియ్యవే!"

ఆమె తియ్యలేదు.