ఇంకో నాలుగు మీటర్లు

శనివారం ఉదయం ఆరుంపావుకు శామీర్‌పేట చెరువు ఉత్తరపు పాయలో పరమేశ్ గాలాన్ని ఏదో పట్టుకుంది. చేప కాదు. చేపైతే పక్కకు పరిగెడుతుంది. ఇది ఉన్నచోటే ఉంది. అతను కొంచెం లాగితే అదీ కొంచెం లాగింది. వదిలితే అదీ వదిలింది.

పొగమంచులో గాలం కట్టె కొస కూడా కనబడటం లేదు. అతను దారం తెంపలేదు. ఆ పాయలో అతను వెతుకుతున్నది చేపను కాదు.

కిందటి ఏడు ఆగస్టులో, అలుగు పారుతున్నప్పుడు, అతని అన్న భానుప్రకాశ్ వల తియ్యడానికి తెప్ప మీద ఆ పాయలోకి వెళ్లాడు. తెప్ప మర్నాడు తుమ్మచెట్ల కింద దొరికింది. మనిషి దొరకలేదు. గజ ఈతగాళ్లు వెతికినన్నాళ్లు వెతికి వెళ్లిపోయారు. తల్లి జంగమ్మ కర్మ చెయ్యనివ్వలేదు. "ఏం దొరికిందని జెయ్యాలె?" అంది. పెద్దకొడుకు సంగతి తేలేదాకా ఆ ఇంట్లో పెళ్లి మాట ఎత్తొద్దని కూడా అంది.

అప్పటికి ఎవరూ ఎత్తలేదు. ఎత్తే అవసరం ఈ అక్టోబర్‌లో వచ్చింది.

మేడ్చల్ బస్టాండు ఎదురుగా ఒక మొబైల్ రిపేర్ షాపులో సగం పరమేశ్‌ది. గాలం రీళ్లు బాగుచేస్తాడు, కావలసినట్టు మార్చి ఇస్తాడు. ఒక సాయంత్రం అంకిత వచ్చి కౌంటర్ మీద రీలు పెట్టింది. ఊరు గౌడవెల్లి. ఉద్యోగం శామీర్‌పేట దాటాక ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో.

"అన్నా, దీంతోని రెండు గ్రాముల ఎర విసరాలె."

పరమేశ్ రీలు చూశాడు. ఆమెను చూశాడు. మళ్లీ రీలు చూశాడు.

"మేడమ్, గిది కొర్రమీనుకు రబ్బరు కప్పను ఇసిరే రీలు. రెండు గ్రాములంటే ఎంతనో ఎర్కేనా? నాలుగు పల్లీ గింజలు."

"ఎర్కనే. ల్యాబ్‌ల రోజూ మిల్లీగ్రాములు తూస్త."

"అయితే స్పిన్నింగ్ రీలు కొనుక్కోండ్రి. తేలిక ఎరకు అదే అలకగ ఉంటది."

"అందరు గదే జెప్తున్రు. అండ్ల దారం ఎటు పోతున్నదో తెల్వది. ఇండ్ల బొటనేలి కిందికెల్లి పోతది. నాకు తెలవాలె."

పరమేశ్ ఆ మాటే చాలామందికి చెప్పాడు. ఎదుటి మనిషి నోట వినడం అదే మొదలు.

"ఇగో, కోపం జెయ్యకండ్రి. దీని స్పూలు బరువు మీకు తెల్వది..."

"పద్దెనిమిది గ్రాములు. దారం లేకుండ."

"ఎట్ల తెలుసు?"

"తూసిన."

"ల్యాబ్‌లనా?"

"మరి కిరాణా కొట్లనా?"

ఆమె తెచ్చినలాంటి బెయిట్‌కాస్టింగ్ రీలులో ఎర ఎగిరేటప్పుడు దారం చుట్టిన కండె, అంటే స్పూలే తిరగాలి. ఎర తేలికైతే బరువు స్పూలును తిప్పలేదు. ఎట్లాగో తిరిగినా, ఎర నీళ్లలో పడ్డాక కూడా అది ఆగదు. దారం పొంగి పిట్టగూడులా చిక్కుపడుతుంది. అందుకే తేలిక ఎర వాళ్లు ముందు చిన్న సైజు రీలు ఎంచుకుంటారు. తర్వాత లోతు తక్కువ స్పూలు వేస్తారు, బేరింగుల్లో గ్రీజు కడిగి ఒక్క చుక్క నూనె పోస్తారు, బ్రేకు అయస్కాంతాల బలం తగ్గిస్తారు. పరమేశ్ ఇదంతా చెప్పి, సొరుగులోంచి పాత రీళ్లు మూడు తీసి ముందు పెట్టాడు. అంకిత ఒక్కోదాన్ని చెవి దగ్గర పెట్టుకుని స్పూలు తిప్పింది. మూడోదాన్ని పక్కన పెట్టింది.

"ఇది."

"ఎందుకు?"

"మిగిలినవి ఆగేటప్పుడు గొణుగుతున్నయ్."

అతను తీసుకొమ్మని చెప్పాలనుకున్నదీ అదే.

"ఎక్కడ ఏస్తరు?" అని అడిగాడు.

"చెరువుల."

"ఏ చెరువు?"

"నీళ్లున్న చెరువు."

గాలం వేసేవాళ్లు చోటు చెప్పరు. కట్టుకున్నవాళ్లకూ చెప్పరు, డాక్టరుకూ చెప్పరు. పరమేశ్ మళ్లీ అడగలేదు. అతని చోటు కూడా ఎవరికీ తెలియదు.

ఆమె 'అన్నా' అనడం మూడో రాకకు ఆగిపోయింది. 'మేడమ్' అంతకుముందే పోయింది. అతని స్పూళ్లను టిష్యూ పేపర్లో చుట్టుకుపోయి, తూచి తెచ్చి, ఒక్కోదాని మీద బరువు రాసి ఇచ్చేది. నవంబర్‌లో ఒక సాయంత్రం వాన పడి కరెంటు పోయింది. ఆమె ఫోన్ లైటు పట్టుకుంటే అతను బేరింగులో నూనె చుక్క వేశాడు. రెండో చుక్క కూడా దాంట్లోనే పడింది.

"ఒక్క చుక్కన్నవ్ గద, రెండేంది?"

"లైటు దగ్గరికొచ్చింది."

"లైటు ఉన్నకాడనే ఉంది."

బేరింగు మళ్లీ కడగవలసి వచ్చింది.

ఆ తర్వాతి వారం ఆమె మొహంలో నవ్వు లేదు. రీలు పెట్టి అంది:

"ఇంకో నాలుగు మీటర్లు గావాలె."

"ఇరవై పోతున్నది గద. ఇంకెందుకు?"

"అక్కడ ఒకటుంది."

"కొర్రమీనా?"

"తెల్వది. నేను ఎయ్యంగనే అవుతల చప్పుడైతది. ఒక్కటే చప్పుడు, చిన్నగ. నేను ఆగితే ఆగుతది. మల్ల ఏస్తే మల్ల అయితది. మంచుల ఏం కనబడది. పోయినసారి భయమైంది, నిజం జెప్తున్న."

పరమేశ్ చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. ఉత్తరపు పాయలో అతనికీ అట్లాగే ఉంది. అతను వేస్తే అవతల చప్పుడు, ఆపితే నిశ్శబ్దం. నెల రోజుల నుంచి వింటున్నాడు. అందుకోవడానికి తనకూ ఇంకో నాలుగు మీటర్లే తక్కువ. అన్న చిన్నప్పుడు ఒడ్డు మీద కూర్చుని తమ్ముడు రాయి వేస్తే తానో రాయి వేసేవాడు.

"ఏ చెరువు?" అన్నాడు.

"అది మాత్రం అడగకు."

"భయమైతే పోకు."

"పోకుంటే అదేందో ఎట్ల తెలుస్తది?"

అతని దగ్గర ఉన్నవాటిలో ఆరున్నర గ్రాముల స్పూలు ఒక్కటే ఉంది. అది అతని రీలులో ఉంది. విప్పి ఆమె రీలులో పెట్టాడు. తన రీలుకు అంతకన్నా బరువు స్పూలు వేసి, బ్రేకు అయస్కాంతాలు రెండు పీకేశాడు. ఇక ఆపే పని బొటనవేలిది.

అంకిత స్పూలు తిప్పి చూసింది.

"ఇది నీ దాంట్లది."

"స్టాక్."

"అబద్ధం. నీ స్పూలు అంచుకు గీ గీత ఉండె. నేను తూసిన."

ఆమె రీలు సంచిలో పెట్టుకుంది గానీ వెళ్లలేదు.

"మా ఇంటికి నెలాఖరుకు ఎవరో చూడనీకి వస్తున్నరు. మా నాయిన ఒప్పుకునేటట్టున్నడు. నువ్వేమన్న జెప్పేదుందా?"

"ఉంది."

"జెప్పు."

"ఇప్పుడు జెప్పరాదు." అతను భానుప్రకాశ్ సంగతి చెప్పాడు. తెప్ప దొరకడం, మనిషి దొరకకపోవడం, అమ్మ పెట్టిన షరతు. "అది తేలంది మా ఇంట్ల ఏ మాట మాట్లాడరాదు."

"ఎక్కడ పోయిండు?"

"మా శామీర్‌పేట చెరువులనే."

ఏ పాయలోనో చెప్పలేదు. చెబితే తన చోటు చెప్పినట్టవుతుంది. అలవాటు కొద్దీ నోరు మూసుకున్నాడు. శామీర్‌పేట చెరువు పెద్దది. ఆమె ఇంకేం అడగలేదు.

"నెలాఖరంటే పది రోజులే," అని వెళ్లిపోయింది.

ఇది గురువారం సంగతి. శనివారం పొద్దున దక్షిణపు గాలికి జవహర్‌నగర్ చెత్తకుప్పల వాసన చెరువు దాకా వచ్చింది. తర్వాత గాలి ఆగింది, మంచు దిగింది. పరమేశ్ వేశాడు. ఈసారి ఎర పాయ నడుమదాకా పోయింది. నీళ్లలో పడిన చప్పుడు, అవతలి చప్పుడు ఒకేసారి వినబడ్డాయి. చుట్టడం మొదలుపెట్టగానే గాలం పట్టుకుంది.

లాగితే లాగింది. వదిలితే వదిలింది.

అతను మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు.

"అన్నా," అన్నాడు. "నువ్వేనా?"

దారం రెండుసార్లు గుంజింది. గట్టిగా. కట్టె వంగింది. తర్వాత ఏమీ లేదు.

కొంతసేపటికి మంచులోంచి ఒక గొంతు అతన్ని పేరు పెట్టి పిలిచింది.

నీళ్ల మీద నుంచి పేరుతో పిలిస్తే మొదటిసారికి పలకొద్దని జంగమ్మ కొడుకులిద్దరికీ చెప్పి పెంచింది. పరమేశ్ పలకలేదు.

"పరమేశ్! నేను. అంకితను."

నీళ్లలోంచి వెనక్కి ఒక అడుగు వేశాడు.

"పలుకవేంది? నాకు భయమైతున్నది."

"నువ్వు అంకితవే అయితే," అన్నాడు, "నీ స్పూలు బరువెంత?"

"ఆరున్నర గ్రాములు. స్టాక్ అని అబద్ధం జెప్పి ఇచ్చినవ్."

పరమేశ్ ఒడ్డుకు వచ్చి తడి మట్టిలో కూర్చున్నాడు.

ఒక ఒడ్డున అతను, ఇంకో ఒడ్డున ఆమె. మధ్యలో నలభై మీటర్ల నీళ్లు. అతను శామీర్‌పేట ఊళ్లోంచి వచ్చేవాడు, ఆమె కంపెనీ రోడ్డు వైపు నుంచి వచ్చేది. రెండు వైపులా తుంగ. మంచు విడేలోపు ఆమె షిఫ్టుకు, అతను షాపుకు వెళ్లిపోయేవాళ్లు. ఇద్దరూ నెల రోజులుగా ఒకరి ఎర చప్పుడును ఒకరు విని, దాన్ని అందుకోవాలని రీళ్లు తేలిక చేసుకుంటూ వచ్చారు. రెండు రీళ్లనూ తేలిక చేసింది పరమేశే.

"నీ గాలం నా గాలానికి తట్టుకున్నట్టుంది," అంది అంకిత. "ఏమైంది? కూసున్నవా?"

"మా అన్న అనుకున్న."

"గీ పాయలనేనా?"

"గీ పాయలనే."

"మొన్న అడిగిన గద. ఎందుకు జెప్పలే?"

"నువ్వు జెప్పినవా నీ చోటు?"

"గాలం చోటూ అన్న పోయిన చోటూ ఒకటేనా?"

పరమేశ్ లేచి కట్టె చేతిలోకి తీసుకున్నాడు.

"దారం తెంపాల్నా?" అంది. "కత్తెర చేతిలనే ఉంది."

"వద్దు. తెంపకు. నేనే వస్తున్న."

పాయ మొదట్లో నీళ్లు తక్కువ, బురద ఎక్కువ. పరమేశ్ కట్టెను తుంగ పైకి ఎత్తి పట్టుకుని, దారం చుట్టుకుంటూ, బురదలోంచి చుట్టూ తిరిగి వెళ్లాడు. ఆమె తన వైపు బిగి తగ్గకుండా కొద్దికొద్దిగా చుట్టింది. రెండు ఎరలూ ఒడ్డుకు వచ్చాయి. ఒకదాని ముల్లు ఇంకోదాని ముల్లులో దిగి ఉంది.

ఆమె మొహం తడిగా ఉంది. మంచు వల్లనో ఏమో అతను అడగలేదు.

"ఇండ్ల మా అన్న లేడు," అన్నాడు.

"లేడు."

"నేను ఉన్నడనుకునే రోజూ వచ్చిన. అమ్మకు ఎట్ల జెప్పాలె?"

"ఇద్దరం జెప్దాం. నేను గూడ వస్త."

"నువ్వెందుకు?"

"గుంజింది నేనే గద," అంది అంకిత. తర్వాత, "మొన్న చెప్పేదుందన్నవ్. ఇప్పుడన్న జెప్పు."

చెప్పాడు. మూడే ముక్కలు. ఆమె విని, "ఇంత చిన్న మాటకు నలభై మీటర్లు తిరిగొచ్చినవా?" అంది. అతను కూడా నవ్వాడు.

జంగమ్మ వాకిలి ఊడుస్తోంది. మోకాళ్ల దాకా బురదతో ఇద్దరు రావడం చూసి చీపురు ఆపింది. పరమేశ్ మొత్తం చెప్పాడు: రోజూ వెళ్లడం, చప్పుడు, దారం.

"గుంజిందా?" అంది జంగమ్మ.

"గుంజింది. గానీ అన్న కాదమ్మా. ఈ పిల్ల."

జంగమ్మ అంకిత వైపు చూసింది. ఏ ఊరో, ఎవరి బిడ్డవో అడిగింది. అంకిత చెప్పింది.

"మోతుబరోళ్లు. మా ఇంటికొస్తనంటే మీ నాయిన ఊకుంటడా?"

"ఊకోడు," అంది అంకిత. "పదిసార్లు జెప్తే వింటడు. నాకు అలవాటే."

జంగమ్మ లోపలికి వెళ్లి బిందెతో నీళ్లు తెచ్చింది. ముందు అంకిత కాళ్ల మీద పోసింది. తర్వాత కొడుకుతో అంది: "వాడు ఇగ రాడురా. నువ్వు రోజూ నీళ్లకాడికి పోవుడు గూడ జాలు. అయ్యగారికి జెప్పు. కర్మ జేపిద్దాం. నీ సంగతి ఆ తర్వాత నేనే మాట్లాడత, వీళ్ల నాయినతోని."

చీపురు మళ్లీ తీసుకుంది. వాకిలి సగం ఊడ్చి గోడకు ఆనుకుని ఏడ్చింది. అంకిత మిగతా సగం ఊడ్చింది.

బుధవారం పగలు ఉత్తరపు పాయ ఒడ్డున భానుప్రకాశ్‌కు పిండం పెట్టారు. కాకులు ఆలస్యం చెయ్యలేదు. చూడటానికి వస్తామన్నవాళ్లకు రావొద్దని అంకిత తండ్రి వెంకటరామయ్య గురువారం ఫోన్ చేశాడు. జంగమ్మను ఆదివారం రమ్మన్నాడు.

శుక్రవారం సాయంత్రం పరమేశ్ రెండు రీళ్లనూ బురద కడగడానికి విప్పాడు. అంకిత ఎదురుగా స్టూలు మీద కూర్చుని టీ తాగుతోంది.

"మంచిగనే భయపెట్టినవ్," అన్నాడు. "అన్నా నువ్వేనా అంటే అంత గట్టిగ ఎందుకు గుంజినవ్, రెండుసార్లు?"

"అప్పుడా? అప్పుడు నేనెక్కడ గుంజిన? అంతకుముందు గుంజిన, అదీ మెల్లగ. నీ గొంతు వినంగనే కట్టె రాయి మీద పెట్టి, బ్యాగుల కత్తెర దేవులాడుతున్న."

పరమేశ్ ఇద్దరి స్పూళ్ల మీదా పైదారం విప్పాడు. దారాన్ని గట్టిగా గుంజితే పై వరుస కింది వరుసల్లోకి కోసుకుని దిగిపోతుంది. అతని స్పూలు మీద దారం రెండు చోట్ల దిగి ఉంది. అంకిత స్పూలు మీద కూడా రెండు చోట్ల దిగి ఉంది.