ఆరని చొక్కా

తెల్లారేసరికి ఆకాశం మబ్బూ కాక, ఎండా కాక, మూత పెట్టిన గిన్నెలా ఉంది. ఆకు కదలడం లేదు. కూతురు పెరట్లో బకెట్ ముందు కూర్చుని చేతుల్లేని చొక్కాలు రెండు నీళ్లలో ముంచి, పిండి, దులిపింది. ఒకటి తనది, ఒకటి నాన్నది. తడి ఆరుతున్నకొద్దీ ఒంటికి చల్లదనమిచ్చే చొక్కాలవి.

"మధ్యాహ్నం మళ్లీ తడుపుకో నాన్నా. మర్చిపోకు."

"అలాగేలే అమ్మడూ" అని ఆయన సంచిలో పెట్టుకున్నాడు.

ఆయనది బట్టలుతికే కార్ఖానాలో, ఆవిరి ఇస్త్రీ గదిలో ఇరవై ఏడేళ్ల పని. పది రోజుల క్రితం మిషన్ ముందే కళ్లు తిరిగి పడ్డాడు. ఇంకోసారి పడితే లేవడం కష్టమన్నాడు డాక్టరు. మానేయమని తల్లీకూతుళ్లు పోరితే, "ఇంట్లో కూర్చుంటే ముడతలు పడిపోతాను" అని నవ్వి తప్పించుకున్నాడు. అందుకే కూతురు ఆ చొక్కా తెచ్చింది. ఆమె సర్వేయరు. మిట్టమధ్యాహ్నం బయలులో కొలతలు తీసే తనను ఆ వేసవంతా కాచింది అలాంటి చొక్కాయే.

సాయంత్రం నాన్న వచ్చి చొక్కా దండెం మీద వేశాడు. నీళ్లు టపటపా కారాయి. కూతురు అంచు పట్టుకుని చూసింది.

"ఎన్నింటికి తడిపావు?"

"మధ్యాహ్నమే. నువ్వు చెప్పినట్టే."

"నాది రెండు గంటల్లో ఎండుటాకవుతుంది. నీది ఇంకా కారుతోందేం? గేటు దగ్గర కుళాయి కింద పెట్టి తెచ్చావు కదూ?"

నాన్న గడియారం వంక చూశాడు.

"నిన్నా అంతేనా?"

"రోజూ అంతే."

"నేనేమన్నా బొమ్మలాట ఆడుతున్నానా నాన్నా? మళ్లీ పడితే మేమేం కావాలి?"

"అడుగు, గట్టిగా అడుగు" అంది అమ్మ వంటింట్లోంచి. "నేనడిగితే గోడకు చెప్పినట్టే."

"మొదటిరోజు వేసుకున్నాను అమ్మడూ" అన్నాడు ఆయన, గొంతు పెంచకుండా. "అరగంటకే ఉడికిపోయాను. ఆరితేగా చల్లన! ఆ గదిలో గోడలకే చెమట్లు పడతాయి. తడి ఎక్కడికి పోతుంది? ఒంటికి తడి గోనె చుట్టుకున్నట్టే."

"ఆ మాట నాతో అనొచ్చుగా?"

"పొద్దున్నే లేచి నువ్వు పిండుతుంటే నోరెలా వస్తుంది?"

కూతురి కోపం చప్పున దిగిపోయింది. ఊళ్లో వీధివీధీ కొలిచింది గానీ, నాన్న నిలబడే గది ఎలా ఉంటుందో ఒక్కసారీ చూడలేదు. తన ఎండను చూసుకుని ఆయనకు చొక్కా కొంది.

మర్నాడు ఆయన వెంట వెళ్లింది. తలుపు తీయగానే కళ్లద్దాలు తెల్లబడ్డాయి. ఐదు నిమిషాలు నిలబడింది. చేతి మీద చెమట చేతి మీదే ఉంది. ఇక్కడ ఏది పనికొస్తుందా అని ఆలోచించింది. చిన్న ఫ్యాన్లు బిగించిన కోటయితే ఈ ఆవిరినే లోపలికి లాగుతుంది. మంచు బిళ్లలు పెట్టుకునే చొక్కాకు ఆరాల్సిన పని లేదు. కాకపోతే బిళ్లలు కరిగినప్పుడల్లా గడ్డకట్టిన జత మార్చాలి. కార్ఖానా ఫ్రిజ్‌లో చోటుకు సూపర్‌వైజర్ని తనే అడిగి ఒప్పించింది.

"ఎంత బరువుంటుంది ఆ మంచు చొక్కా?" అన్నాడు నాన్న.

"రెండు కిలోలు."

"పుట్టినప్పుడు నువ్వు అంతకన్నా ఎక్కువే ఉన్నావు. ఎత్తుకోలేదూ?"

ఇంట్లో అమ్మ ఫ్రిజ్‌లో పై అర ఖాళీ చేసింది. కొత్త చొక్కా వేసుకున్న మొదటిరోజు సాయంత్రం నాన్న సంచి కూతురి చేతికిచ్చాడు. ఆమె తడిమి చూడలేదు. బిళ్లలు తీసి ఫ్రిజ్‌లో పేర్చింది.

"ఎడమ భుజం దగ్గర పట్టీ ఒరుసుకుంటోంది" అన్నాడు ఆయన. "బాగా మంట."

కూతురు తలెత్తి చూసింది. అడక్కుండా ఆ నోటి నుంచి అలాంటి మాట వినడం అదే మొదలు. సూదీదారం తెచ్చి, పాత దుప్పటి ముక్క మడిచి పట్టీ కింద కుట్టింది. ఆయన భుజానికి ఆనించి చూసి, ఇంకో మడత వేసి కుట్టింది.

అమ్మ కంచాలు పెట్టింది. కళ్లు తిరిగి పడ్డప్పటి నుంచీ అన్నం కెలికి వదిలేస్తున్న మనిషి, రెండోసారి కంచం ముందుకు జరిపాడు. అమ్మ వడ్డించింది.