సందు చివరింటి బొమ్మలు

మూతపడ్డ ప్రెస్సు వెనక ఒక సందుంది. ఆ సందులో చివరిల్లు మంచిది కాదని పేరు.

ఆ పేరు ఈనాటిది కాదు, నలభై ఏళ్ళ పైమాటే. చీకటిపడితే ఆ ఇంటి గోడవారగా ఎవరూ నడవరు. ఎదుటి గోడకి ఒరుసుకుంటూ పోతారు. ఆ మేడగదిలోంచి అప్పట్లో ఆడపిల్ల గొంతు వినిపించేదట — “వద్దు... వద్దు...” అని. ఒకసారి మేడ కిటికీలోంచి తలకిందులుగా వేలాడిందట, తెల్లగౌను, విరబోసుకున్న జుట్టు. ఇంకోసారి ఏకంగా నడిసందులోకి వచ్చేసిందట. ముఖమంతా నల్లగా... సందులో తలుపులన్నీ ఒక్కసారిగా మూసుకున్నాయట.

ఇలాంటి వాటిలో కళ్ళారా చూసినవాళ్ళకంటే, చూసినవాళ్ళు చెప్పగా విన్నవాళ్ళే ఎక్కువ. కానీ ఆ తలుపులు మూసుకున్న సంగతి మాత్రం అందరూ ఒకేలా చెబుతారు.

ఆ ఇంట్లో బొమ్మలాయన ఉండేవాడు. ప్రెస్సులో అచ్చయ్యే వారపత్రికలో దెయ్యాల సీరియల్ మొదలైందంటే బొమ్మలు అతను వెయ్యాల్సిందే. రంగుల్లేవు, హంగుల్లేవు. పాళీ, నల్ల ఇంకు, అంతే. ఆ బొమ్మ చూశాక కథ చదవడం దేనికనేవారు. తర్వాత బొమ్మలాయన పోయాడు, పత్రిక ఆగిపోయింది, ఇంటికి తాళం పడింది. చెడ్డపేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ బొమ్మల మీద ప్రాణం పెట్టుకున్న మనిషి ఒకడున్నాడు. పెద్ద రోడ్డు మీద మందుల షాపు ఆయనది. అరవై దాటాయి. పత్రికలో అచ్చయినవి కాదు, బొమ్మలాయన స్వయంగా చేత్తో గీసిన అసలు కాగితాలే కావాలి ఆయనకి. ముప్పై ఏళ్ళపాటు పాత కాగితాల కొట్లు, ప్రెస్సులో పనిచేసి మానేసినవాళ్ళ అటకలు గాలించి అరవై మూడు సంపాదించాడు. వెనకగది గోడలన్నీ అవే. మన పెళ్ళి ఫోటోకి ఒక్క మేకు దొరకదు గానీ శవాలకి మాత్రం గోడంతా ఖాళీయే అని భార్య దెప్పేది. దీపాలు పెట్టాక ఆవిడ ఆ గది గుమ్మం తొక్కేది కాదు.

ఎవరైనా చూడ్డానికి వస్తే షాపాయనకి పండగే. భూతద్దం చేతికిచ్చి మరీ చూపించేవాడు. అచ్చులో నలుపంతా ఒకటే ముద్ద. అసలు కాగితం మీదయితే పాళీ ఎక్కడ ఆగిందో, ఇంకు ఎక్కడ చిక్కబడిందో, తెల్లటి మెరుపు కోసం బ్లేడుతో ఎక్కడ గీకాడో, అన్నీ కనిపిస్తాయి. అన్నిటికంటే ఆయనకి ఇష్టమైంది నూతిలో పిల్ల బొమ్మ. అడుగున నీళ్ళలో నిలబడి పైకి చూస్తున్న పిల్ల... పైన గుండ్రంగా ఆకాశం. అది చూపించినప్పుడల్లా ఒకే మాట అనేవాడు: “ఈ భయం ఊహించి గీసింది కాదండీ. ఎక్కడో చూసి ఉండాలి.”

ముసలాడి బొమ్మ గీసినా, పెళ్ళికూతురి బొమ్మ గీసినా, శవాన్ని గీసినా అన్నిటికీ కళ్ళు మాత్రం ఒకటే. అదే బొమ్మలాయన శైలి అని షాపాయన నమ్మకం.

ఒకరోజు పాత కాగితాలు కొనేవాడు షాపుకొచ్చి కబురు చెప్పాడు. సందు చివరిల్లు సోమవారం కూలగొడుతున్నారట. తాళం తీసి ఉంది. మేడమీద గదిలో ట్రంకుపెట్టె ఒకటి కనిపించింది. రెండు రోజులుగా రాత్రిళ్ళు అక్కడ దీపం కూడా వెలుగుతోందట. తను మాత్రం పొద్దున పూటయినా ఇంకోసారి ఆ మెట్లెక్కనన్నాడు.

ట్రంకుపెట్టె అన్న మాట విన్నాక షాపాయనకి అన్నం సహించలేదు. ఇంకెవరైనా ముందే వెళ్ళి ఎత్తుకుపోతే? ఆ రాత్రి షట్టరు దించి, ఇంటికి వెళ్ళకుండా, టార్చిలైటూ చేతిసంచీ పట్టుకుని నేరుగా సందులోకి నడిచాడు.

అలవాటు కొద్దీ ఎదుటి గోడవారగానే నడిచాడు... చివరిల్లు వచ్చాక ఇటు దాటాడు.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తోస్తే తెరుచుకుంది. “ఎవరండీ?” అన్నాడు, తన గొంతు తనకే వినిపించనంత మెల్లగా. జవాబు లేదు. లోపల చిన్న వాకిలి, మూల నుయ్యి. లైటు వేసి చూశాడు. నూతి గట్టున ఒక ఇటుక సగానికి విరిగి ఉంది.

ఆ ఇటుక ఆయనకి తెలుసు. వెనకగదిలో తూర్పు గోడ మీద, రెండో వరస బొమ్మలో ఉంది.

భయం పోయి సంబరం పట్టుకుంది. మెట్లెక్కాడు. ఆ మెట్లూ తెలుసు. మలుపులో రాలిపోయిన పెచ్చు తెలుసు. మేడగదిలో దూలానికి ఇనప కొక్కెం, ఒక ఊచ లేని కిటికీ, మంచం... ఒక్కొక్కటే లైటు వేసి చూస్తుంటే చుట్టాలింటికి వచ్చినట్టే ఉంది. ఇన్నేళ్ళూ గోడ మీద చూసినవాటి లోపలికి ఇప్పుడు కాలుపెట్టి నిలబడ్డాడు.

ట్రంకుపెట్టె కిటికీ కింద ఉంది. వంగి మూత మీద చెయ్యి వేశాడు...

వెనక మెట్ల మీద చప్పుడైంది.

ఒక అడుగు. ఆగింది. ఇంకో అడుగు.

లైటు అటు తిప్పాడు — గుమ్మంలో ఒక ముఖం.

ఆ ముఖమూ ఆయనకి తెలుసు.

జుట్టు నెరిసింది, బుగ్గలు జారాయి. కళ్ళు మాత్రం అవే... ముప్పై ఏళ్ళుగా అరవై మూడు కాగితాల మీదినుంచి తనని చూస్తున్న కళ్ళు. విప్పారి, రెప్ప పడకుండా, లైటులోకి చూస్తున్నాయి.

ఆ ముఖం మెల్లగా నోరు తెరిచింది.

“ఆ లైటు నా ముఖం మీంచి తియ్యండి.”

మనిషి గొంతే. లైటు చేతిలోంచి జారి కిందపడింది.

ఆవిడ బొమ్మలాయన కూతురు. తండ్రి పోయినప్పుడు పన్నెండేళ్ళ పిల్ల. మేనత్త వచ్చి ఎక్కడో దూరానికి తీసుకుపోయింది. కూలగొట్టే ముందు సామాను చూసుకోమని కబురందితే వచ్చింది. కిందినుంచి చిన్న దీపం తెచ్చి, తన ముఖం మీద వెలుగు పడకుండా వెనక పెట్టుకుని కూర్చుంది.

షాపాయన తనెవరో చెప్పుకున్నాడు. మీ నాన్నగారి బొమ్మలు అరవై మూడున్నాయి నా దగ్గర అన్నాడు, కాస్త గర్వంగానే. ఆవిడకి అర్థం కాలేదు.

“వాటిని... ఇంట్లో పెట్టుకున్నారా?”

గోడలకి తగిలించానన్నాడు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు. ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

తల్లి పోయేనాటికి తనకి ఆరేళ్ళు. ఆ ఏడే తండ్రికి మొదటి సీరియల్ వచ్చింది. గీసిన బొమ్మ ఎడిటర్‌కి నచ్చలేదు — ముఖంలో భయమేది అన్నాడట. ఆ రాత్రి తండ్రి దీపం ఆర్పేసి, మంచం కింద దూరి, పిల్ల నిద్రపోయేదాకా ఆగాడు. చీకట్లో కాలు పట్టుకుని లాగాడు. కెవ్వుమనగానే లైటు ముఖం మీద వేసి, “కదలకు, అలాగే ఉండు” అని గీశాడు. ఆ బొమ్మ ఎడిటర్‌కి నచ్చింది.

అప్పట్నుంచీ వారానికో బొమ్మ. అలవాటైపోతే భయం తగ్గుతుంది కదా, అందుకని వారం వారం కొత్తది. ట్రంకుపెట్టెలో పెట్టి మూత వేసేవాడు. కిటికీకున్న ఊచ పీకేసి, కాళ్ళు పట్టుకుని బయటికి వేలాడదీశాడు. తాడు కట్టి నూతిలోకి దించాడు. ఏదీ పనిచెయ్యని రోజున — మీ అమ్మ వచ్చింది, నీ వెనకే నిలబడింది చూడు అనేవాడు. అయిపోయాక ఒళ్ళో కూర్చోబెట్టుకుని చాక్లెట్ ఇచ్చేవాడు. తాగుడు లేదు, మరో దురలవాటు లేదు. ప్రెస్సులో అందరూ సాధువు అనేవారు.

షాపాయన అడిగాడు. “మరి... చుట్టుపక్కల వాళ్ళు?”

“విన్నారు. దెయ్యం అనుకున్నారు.” దీపం వత్తి కాస్త తగ్గించింది. “అలా అనుకుంటే తలుపు తియ్యక్కర్లేదుగా.”

ఒకరాత్రి పెనుగులాటలో ఇంకు సీసా మొహాన ఒలికిందట. ఆ మొహంతోనే సందులోకి పరిగెత్తింది. మొదటి తలుపు కొట్టింది, రెండోది కొట్టింది... లోపల గడియలు పడుతున్న చప్పుడు వరసగా సందు చివరిదాకా వినిపించిందట. కాసేపు అక్కడే నిలబడి, ఎక్కడికి పోవాలో తెలియక, మళ్ళీ ఇంట్లోకే వచ్చేసింది.

అదీ సంగతి. సందు చివరింట్లో దెయ్యం ఏనాడూ లేదు.

షాపాయన సంచీ అందుకున్నాడు. వెళ్ళిపోవాలనే అనుకున్నాడు. అయినా చూపు ట్రంకుపెట్టె మీదికే పోతోంది. ఆవిడ గమనించి మూత తెరిచింది. లోపల పదకొండు కాగితాలు. ఒక్కొక్కటే దీపం దగ్గర పట్టుకుని చూశాడు. అన్నీ విన్నాక చూస్తున్నాడు కదా... అయినా గీతల పొందిక చూసి ఆయన వేళ్ళు వణికాయి, ఆనందంతో. ఆ సంగతి తనకి తెలిసేసరికే ఆవిడకీ తెలిసిపోయింది.

తీసుకెళ్ళండి, డబ్బులేం వద్దంది. ఒక్క పని చేసిపెట్టమంది.

“నా చిన్నప్పటి ఫోటో ఒక్కటీ లేదండీ. ఉన్నదల్లా ఇవే. మీ దగ్గరున్న వాటిల్లో... ఒక్కదాంట్లోనయినా నేను భయపడకుండా ఉన్నానేమో చూసి చెబుతారా?”

ఆ రాత్రి వెనకగదిలో అరవై మూడు బొమ్మలూ గోడల మీంచి దింపాడు షాపాయన. భూతద్దం పట్టుకుని తెల్లవారేదాకా చూశాడు. పెళ్ళికూతురి మొహం చూశాడు, ముసలాడి మొహం చూశాడు, శవం మొహం చూశాడు. ఇప్పుడు ఎక్కడ చూసినా ఆరేళ్ళ పిల్లే, ఏడేళ్ళ పిల్లే... భయపడకుండా ఉన్నది ఒక్కటీ లేదు.

తెల్లవారుజామున మంచినీళ్ళు తాగబోతూ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఒకటి ఉండేది.

పన్నెండేళ్ళ కిందట ఒక కట్టలో వచ్చింది. సంతకం లేదు. నవ్వుతున్న పిల్ల బొమ్మ. ఇది ఆయన చేతిది కాదు, ఆయన నవ్వు గీయడు అని ఒక్క చూపులో తేల్చేశాడు. కాగితం మాత్రం దళసరిగా, గట్టిగా ఉంది. ఫ్రేములు కట్టేవాడికి ఇచ్చి, ఏదో ఒక బొమ్మ వెనక అట్టగా వేసెయ్యమన్నాడు.

ఫ్రేములన్నీ బోర్లించి మేకులు పీకడం మొదలుపెట్టాడు. భార్య గుమ్మం దాకా వచ్చి ఏమిటిదని అడిగితే వినిపించుకోలేదు. నలభై ఒకటో ఫ్రేము — నూతిలో పిల్ల. దాని వెనక దొరికింది.

అదే పాళీ. అవే గీతలు. ఆ చివరింటి మెట్టు మీద కూర్చున్న పిల్ల. తెల్లగౌను, ఒక పక్క జారిన జడ, రెండు చేతుల్లో గింజుకుంటున్న పిల్లిపిల్ల. ఆ వేళ్ళు చూస్తేనే తెలిసిపోతోంది పిల్ల నవ్వుతోందని. ఫ్రేము కొలతకి సరిపడా కాగితాన్ని పైన నాలుగు అంగుళాలు కోసేశారు. గడ్డం దాకా ఉంది. ఆ పైన లేదు.

షాపు తెరవకుండా ఫ్రేములాయన దగ్గరికి పరిగెత్తాడు. కోసిన ముక్క ఏదని అడిగాడు. పన్నెండేళ్ళ కిందటి కాగితం ముక్కండీ, ఆ సాయంత్రమే ఊడ్చేసి ఉంటాను, మీరేగా పనికిరానిదన్నారు అన్నాడు ఫ్రేములాయన. షాపాయన అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. మొదటి నుంచీ మొత్తం అతనికి చెప్పుకున్నాడు. తర్వాత జరిగింది కూడా వచ్చి అతనికే చెప్పుకున్నాడు. అందుకే ఈ సంగతి ఈ మాత్రమైనా బయటికొచ్చింది.

ఆ సాయంత్రం తల లేని బొమ్మని సంచీలో పెట్టుకునే వెళ్ళాడు. ఇద్దామనే వెళ్ళాడు. ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉంది. ఆయన్ని చూడగానే లేచి నిలబడింది. ఇవ్వాలంటే కోయించింది ఎవరో చెప్పాలి. ఎందుకు కోయించాడో చెప్పాలి. అందులో నువ్వు భయపడటం లేదు, అందుకే పనికిరాదన్నాను తల్లీ అని చెప్పాలి...

సంచీ పిడి గట్టిగా పట్టుకున్నాడు.

“లేదమ్మా,” అన్నాడు. “అన్నీ చూశాను. ఒక్కటీ లేదు.”

ఆవిడ తలూపింది. మళ్ళీ మెట్టు మీద కూర్చుంది. ఆయనకి చెబుతున్నట్టు కాకుండా, తనలో తనే అనుకుంది:

“నాకొకటి గుర్తుండేది. ఇదే మెట్టు మీద పిల్లిపిల్లని పట్టుకుని కూర్చున్నాను. నాన్న నవ్విస్తూ గీశాడు. ఆ ఒక్కరోజు... నన్ను ఏమీ చెయ్యలేదు. ఇన్నేళ్ళూ దాన్నే పట్టుకుని ఉన్నాను.” చేత్తో మెట్టు తడిమింది. “అయితే అది కల అన్నమాట.”

షాపాయన సంచీ ఇంకాస్త వెనక్కి జరుపుకున్నాడు. కల అన్నట్టే తలూపాడు.