అరవై మీటర్ల అలవాటు

"ఏడుగురిలో ఆరుగురు పోయారు," అన్నాడు ఓక్. "ఏడోవాణ్ణి కూడా కాపాడలేం. అయినా నువ్వు వెళ్ళాలి."

తాక్ మున్‌సిక్ ఫైలు తెరవలేదు. ఇరవై ఏళ్ళ గూఢచారి ఉద్యోగంలో అతను నేర్చుకున్నది ఒక్కటే. ఓక్ సారు చేతిలోంచి వచ్చే ఫైలులో చివరి పేజీ ఎప్పుడూ సంతాప తీర్మానమే.

"కాపాడలేనప్పుడు వెళ్ళడం దేనికి సార్?"

"వెళ్ళలేదని రేపు ఎవరూ అనకుండా."

సరిహద్దు అవతల నుంచి పారిపోయి వచ్చిన యుద్ధవిమాన పైలట్లు ఏడుగురు. నాలుగేళ్ళలో ఒకడు లిఫ్టులో, ఒకడు ఈతకొలనులో, ఒకడు సొంత కూతురి పెళ్ళివిందులో, అలా ఆరుగురూ అయిపోయారు. మిగిలింది కల్నల్ చు హక్సొన్, వయసు డెబ్బై ఒకటి. పేరు మార్చుకుని, బే అనే ముసలాయనగా, తూర్పు తీరంలోని ఓ విమాన శిక్షణ పాఠశాలలో పనిచేసుకుంటున్నాడు. ఈ హత్యలు చేయిస్తున్న అవతలి ముఠా మనిషి ఒకరు ఆ పాఠశాలలోనే మకాం వేశారని కబురు. ఈసారి ఇక్కడ చంపరు. ఎత్తుకెళ్ళి, అక్కడ నలుగురి ముందూ నిలబెట్టి చంపుతారు.

"నీ వేషం, ముందుగా రిటైరైన బ్యాంకు ఉద్యోగి. నలభై ఆరేళ్ళకి విమానం నడపాలని సరదా పుట్టింది."

"నాకు ఎత్తంటే భయం సార్."

"మరీ మంచిది. ఎవరికీ అనుమానం రాదు. అక్కడ మన మనిషి ఒకామె ఉంది. సొను హేరాన్, ఇన్‌స్ట్రక్టర్. నేనే చేర్చుకున్నాను. ఆమెను నమ్ము."

మున్‌సిక్ నమ్మాడు. నమ్మక చస్తాడా? నల్ల కళ్ళద్దాలు, మెడ చుట్టూ పట్టు రుమాలు, నవ్వితే రన్‌వే చివరిదాకా వినపడే గొంతు. హేరాన్ నడిచి వస్తుంటే మెకానిక్కులు చేతిలోని రెంచీలు కింద పడేసుకునేవాళ్ళు.

బే బాబాయ్‌ని కలవడానికి కోడ్ ఇచ్చారు. మున్‌సిక్ డీబ్రీఫింగ్ గదిలోకి వెళ్ళి, "బాబాయ్, ఈ కాఫీలో పంచదార తగ్గిందా?" అన్నాడు.

ముసలాయన తల ఎత్తకుండానే, "పంచదార సరిగానే ఉంది, గాలే తగ్గింది," అన్నాడు. తరవాత చిన్నగా నిట్టూర్చాడు. "మళ్ళీ ఒకణ్ణి పంపారా? పోయినవాళ్ళందరి పక్కనా మీలాంటివాడు ఒకడు ఉన్నాడుగా నాయనా. కూర్చో. కాఫీ అయినా తాగు."

ఆ గదిలో ఒక పెద్ద తెర, ఒక సాఫ్ట్‌వేర్. విమానంలోని యంత్రం నమోదు చేసుకున్నదంతా అది తెర మీద మళ్ళీ ఆడించి చూపిస్తుంది. ఎక్కడ తిరిగావు, ఎంత ఎత్తులో ఉన్నావు, ఇంజిన్‌కి ఎంత పవర్ ఇచ్చావు, అన్నీ రంగురంగుల గీతలు. చివర నూటికి మార్కులు. ప్రతి ఫ్లైటు తరవాతా అందరూ పొట్లం కాఫీ కలుపుకుని దాని ముందు కూర్చోవాలి. అందరికంటే చిన్నవాడు లేచి తన తప్పులు తానే ముందు చెప్పుకోవాలి. అదక్కడి ఆచారం.

విద్యలో అందరికంటే చిన్నవాడు మున్‌సిక్. ఇరవై రెండేళ్ళ పిల్లల ముందు లేచి నిలబడి, "రన్‌వేకి ఎడంగా వచ్చాను, ఎత్తుగా వచ్చాను, మూడుసార్లు ఎగిరి పడ్డాను," అని రోజూ అప్పజెప్పేవాడు.

"నాలుగుసార్లు," అనేది హేరాన్ తెర చూస్తూ. "గీత అబద్ధం ఆడదు తాక్ గారూ. బ్యాంకులో కూడా ఇలాగే లెక్కపెట్టేవారా?"

పిల్లలు నవ్వేవాళ్ళు. ముప్పై ఎనిమిది మార్కులు. కింద ఎర్ర అక్షరాల్లో 'ఈ పాఠం మళ్ళీ చేయాలి'.

ఆరు వారాలు గడిచాయి. ముఠా మనిషి జాడ లేదు. వంటమనిషినీ, మెకానిక్కులనూ, వాచ్‌మన్‌నూ అందరినీ జల్లెడ పట్టాడు. ఏమీ దొరకలేదు. రాత్రి నిద్రపట్టేది కాదు. చివరికి ఒక మధ్యాహ్నం, అందరూ భోజనానికి వెళ్ళాక, "బాబాయ్, మంచి ల్యాండింగ్ అంటే ఎలా ఉంటుందో ఒక్కసారి చూపించు. మేడమ్ ఫ్లైటు తెరువు," అన్నాడు.

బే బాబాయ్ చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. "గురువుల ఫ్లైటు మనం తెరుస్తామా? ఎనిమిదేళ్ళయింది ఇక్కడికొచ్చి. ఒక్క ఇన్‌స్ట్రక్టర్ ఫైలూ ముట్టుకోలేదు నేను."

"తాళం ఉందా?"

"తాళం ఎందుకయ్యా? మర్యాద ఉందిగా."

అయినా తెరిచాడు. హేరాన్ ల్యాండింగులు వరసగా నలభై చూశారు. నున్నగా, నూలుపోగు లాగినట్టు ఉన్నాయి. ఒక్కటే విచిత్రం. ప్రతిదాంట్లోనూ నేలకు నూట తొంభై ఏడు అడుగుల ఎత్తున ఇంజిన్ గీత ఒక్కసారిగా కిందికి పడిపోతోంది. అక్కడ ఆమె ఎడమ చేత్తో థ్రాటిల్‌ని, అంటే ఇంజిన్‌కి పవర్ ఇచ్చే పిడిని, పూర్తిగా వెనక్కి లాగేస్తోందన్నమాట. బే బాబాయ్ ఆ గీత వైపు చాలాసేపు చూశాడు.

తరవాత ఆమె ఒంటరిగా సముద్రం మీదికి వెళ్ళిన ఫ్లైట్లు తెరిచాడు. తెరిచి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఈ అంకెలు చదువు."

"తొమ్మిది వందల ఎనభై నాలుగు అడుగులు. ఇంకోటి పంతొమ్మిది వందల అరవై ఎనిమిది. మేడమ్‌కి కూడా ఎత్తు కుదరట్లేదా?"

"కుదిరింది. అచ్చంగా మూడొందల మీటర్లు. అచ్చంగా ఆరొందల మీటర్లు." ముసలాయన గొంతు తగ్గించాడు. "ఇక్కడివాళ్ళు అడుగుల్లో ఎగురుతారు, వెయ్యి దగ్గర ఆగుతారు. ఎత్తు మీటర్లలో నేర్పేది అవతల మా దగ్గర. పక్కన శిష్యుడు కూర్చుంటే ఈమె కూడా వెయ్యి దగ్గరే ఆగింది. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం చెయ్యి పుట్టింటికి పోయింది."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ రెండేళ్ళుగా తన వేలిముద్రలు తానే తెచ్చి ఈ గదిలో భద్రం చేసింది. గురువని ఎవరూ తెరిచి చూడలేదు.

ఓక్‌కి ఫోన్ చేశాడు. చూసిందంతా చెప్పాడు.

"రెండు గీతలు చూసి నా మనిషిని దొంగంటావా? ఆమె వాళ్ళ మనిషైతే ముందు నా కుర్చీ పోతుంది, తెలుసా?"

"తెలుసు సార్. ఎల్లుండి గురువుల దినోత్సవం. బే బాబాయ్‌ని సరదాగా విమానంలో తిప్పుతానంది. శిష్యుడిగా నన్ను కూడా రమ్మంది."

"వెళ్ళు. ఆ రోజు శిష్యుడిగా ఆమెకు పెట్టే పువ్వులో, ఎక్కడుందో చెప్పే బీకన్ పెట్టి పంపిస్తాను. సముద్రం వైపు తిరిగితే నేవీ వస్తుంది. తిరగకపోతే నువ్వు ఆమె కాళ్ళు పట్టుకోవాలి."

మున్‌సిక్ వద్దన్నాడు గానీ ముసలాయన వినలేదు. "నేను ఎక్కకపోతే ఈమె మాయమైపోతుంది. రేపు ఇంకెవరో వస్తారు, వాళ్ళని నేను గుర్తుపట్టలేను. ఎలాగూ పోవలసినవాణ్ణే. పైలట్‌ని కదా, విమానంలో పోతే మర్యాదగా ఉంటుంది."

మే పదిహేను ఉదయం. ఎండ కాస్తోంది. శిష్యులందరూ గురువులకు ఎర్రటి కార్నేషన్ పువ్వులు పెడుతున్నారు. మున్‌సిక్ హేరాన్ చొక్కాకు బీకన్ పువ్వు గుచ్చాడు. ఎడమ సీటులో అతను, కుడి సీటులో ఆమె, వెనక బే బాబాయ్. తీరం దాటి కొండ మలుపు తిరగగానే ఆమె, "విమానం నాకివ్వండి," అంది. సముద్రం వైపు తిప్పింది. రెండేళ్ళుగా వెతికి పెట్టుకున్న దారి అది, రాడార్ కంటికి ఆనదు.

తొమ్మిది వందల ఎనభై నాలుగు అడుగులు.

"ఈ పువ్వు బరువెక్కువగా ఉంది తాక్ గారూ," అంటూ కిటికీ తెరిచి పారేసింది. ఎడమ చేతిలోకి చిన్న పిస్టల్ వచ్చింది. "నేవీ ఇక పువ్వుని వెతుక్కుంటుంది. మీకు ఈత వచ్చా?"

"రాదు."

"అయ్యో. బ్యాంకువాళ్ళు మునగడం ఎప్పుడూ చూడలేదు."

ముందు దూరంగా నీళ్ళ మీద చేపల పడవ ఒకటి ఆగి ఉంది. ఆమె ఇంజిన్ ఆపి విమానాన్ని దాని పక్కన నీళ్ళలో దింపుతుంది. ముసలాయనను పడవలోకి లాగుతారు. తాడు అతనొక్కడికే. మున్‌సిక్ వెనక్కి చూశాడు. బే బాబాయ్ కిటికీలోంచి సముద్రం చూస్తున్నాడు, బస్సులో ఊరికి పోయేవాడిలా. అతన్ని బతికించి తీసుకొస్తానని మున్‌సిక్ ఎవరికీ మాట ఇవ్వలేదు, తనకు తప్ప. ఆ మాట కూడా ఇప్పుడు నీళ్ళపాలే అనుకున్నాడు.

విమానం దిగుతోంది. ఐదు వందల అడుగులు. నాలుగు వందలు. పిస్టల్ అతని పక్కటెముకలకు ఆని ఉంది. కుడిచెయ్యి ఆమె స్టీరింగ్ మీద ఉంది. థ్రాటిల్ ఇద్దరి మధ్యా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది మున్‌సిక్‌కి. నలభై ల్యాండింగులు చూశాడు, నలభైలోనూ అదే చోటు.

మూడు వందలు. రెండు వందల యాభై. అతను ఎత్తు చూపే ముల్లు మీంచి కన్ను తిప్పలేదు. చచ్చినా ఎంత ఎత్తులో చచ్చానో తెలుస్తుందనుకున్నాడు.

నూట తొంభై ఏడు.

హేరాన్ ఎడమ చెయ్యి పిస్టల్‌ని ఒళ్ళో వదిలి థ్రాటిల్ మీదికి వెళ్ళింది. ఆమె వెళ్ళమనలేదు. చెయ్యే వెళ్ళింది. మున్‌సిక్ ఎడమ చేత్తో పిస్టల్ లాక్కున్నాడు, కుడిచేత్తో ఆమె చేతితో సహా థ్రాటిల్‌ని ముందుకు తోశాడు. ఇంజిన్ అరిచింది. చక్రాలు అలను తాకి లేచాయి. పడవ మీద మనుషులు తలలు పట్టుకుని పడుకున్నారు.

హేరాన్ స్టీరింగ్ వదిలేసి చేతులు కట్టుకుంది. "ఇక మీరే దింపుకోండి. నేను ముట్టుకోను."

ముప్పై ఎనిమిది మార్కుల పైలట్. వెనక చేతులు వణికే ముసలాయన. "ఆమె గీత గుర్తు తెచ్చుకో నాయనా," అన్నాడు బే బాబాయ్. "దాని మీదే నడువు."

నడిచాడు. ఆ గీతనే కళ్ళ ముందు పెట్టుకుని తీరానికి వచ్చాడు, రన్‌వేకి వచ్చాడు, ఆమెలాగే ఆ ఎత్తునే పవర్ లాగేశాడు. విమానం రాయిలా పడింది, ఎగిరింది, మళ్ళీ పడింది. ఎలాగో ఆగింది. ముగ్గురూ బతికే ఉన్నారు.

సియోల్ నుంచి ఓక్ కారు రావడానికి రెండు గంటలు పడుతుంది. పాఠశాల నియమం ప్రకారం డీబ్రీఫింగ్ లేకుండా ఏ ఫ్లైటూ ముగియదు. బే బాబాయ్ మూడు కాఫీలు కలిపాడు. హేరాన్ సంకెళ్ళ చేతులతోనే కప్పు పట్టుకుంది. తెర వెలిగింది. అలవాటు చొప్పున మున్‌సిక్ లేచి నిలబడ్డాడు.

"రన్‌వేకి ఎడంగా వచ్చాను. రెండుసార్లు ఎగిరి పడ్డాను."

"మూడుసార్లు," అంది హేరాన్. కొంచెం ఆగి, "అరవై మీటర్ల దగ్గర, అదే మీ నూట తొంభై ఏడు అడుగుల దగ్గర, పవర్ తీసేశారు. అది నా తప్పు. నా దగ్గర అది నేర్చుకోవద్దు," అంది.

"అది నీకెవరు నేర్పారమ్మా?" అన్నాడు బే బాబాయ్.

"కెప్టెన్ మేంగ్. మీ శిష్యుడే. మీరు పారిపోయిన తొమ్మిదో రోజున ఆయన్ని గోడ దగ్గర నిలబెట్టి కాల్చేశారు. మమ్మల్ని వరసలో నిలబెట్టి చూపించారు."

ముసలాయన కప్పు కింద పెట్టాడు. "మేంగ్‌కి నేర్పింది నేనే. అప్పట్లో పెట్రోలు కరువు. చివర్లో చెంచాడు మిగులుతుందని ఇంజిన్ ముందే తగ్గించేవాణ్ణి. తప్పని తెలుసు. నాకు చెప్పేవాడెవడు? నేను గురువుని."

బయట కారు ఆగింది. ఓక్ లోపలికి వచ్చి ఎవరి ముఖమూ చూడలేదు. ఏమీ జరగలేదని రిపోర్టు రాయమన్నాడు. ఆమె నా మనిషే కదా, నెల తిరక్కుండా ఏదో ఖైదీల మార్పిడిలో సరిహద్దు దాటించేస్తాను, అన్నాడు.

గుమ్మం దగ్గర హేరాన్ వెనక్కి తిరిగింది. "ఇంకొకరు వస్తారు కల్నల్ గారూ. ఈసారి అడుగుల్లో నేర్చుకుని వస్తారు."

"తెలుసమ్మా. వెళ్ళిరా."

కారు వెళ్ళిపోయింది. మున్‌సిక్ కూలబడ్డాడు. బే బాబాయ్ మిగిలిన పదకొండుమంది ఇన్‌స్ట్రక్టర్ల ఫైళ్ళు ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టాడు. నాలుగు వేల ఫ్లైట్లు ఉన్నాయి. అతనికున్న ఆయుష్షు వాటికి చాలదు.

తెర మూలన సాఫ్ట్‌వేర్ అప్పుడే లెక్క తేల్చింది. నలభై ఒక్క మార్కులు. కింద, ఎప్పటిలాగే, ఎర్ర అక్షరాల్లో 'ఈ పాఠం మళ్ళీ చేయాలి'.