తొంభై ఆరు గ్రాముల వ్యాన్

"ఆ వ్యాన్ దేశం దాటితే పదకొండు మంది చనిపోతారు," అన్నాడు కమలాకర్.

"ఏ వ్యాన్ సర్?"

కమలాకర్ అరచెయ్యి చాపాడు. "ఇంత ఉంటుంది."

శ్రీనగర్ కాలనీలో ట్రావెల్స్ బోర్డు వెనక నడిచే ఇంటెలిజెన్స్ ఆఫీసది. ఏజెంట్ బెన్సన్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"వరప్రసాద్. పైకి సినిమా నిర్మాత, లోపల విదేశీ ముఠా మనిషి. జూబ్లీహిల్స్‌లో అతని ఆఫీసు టేబుల్ మీద ఒక మోడల్ వ్యాన్ ఉంది. తన మొదటి సినిమా యూనిట్ వ్యాన్‌కి నమూనా. దాని ఫ్లోర్ కింద మెమరీ కార్డు దాచాడు. అందులో విదేశాల్లో పనిచేస్తున్న మన ఏజెంట్లు పదకొండు మంది పేర్లున్నాయి. గురువారం పొద్దున పదకొండింటికి ఓ విదేశీ అతిథికి ఆ వ్యాన్‌ని కానుకగా ఇస్తాడు. అతిథిది డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్. మనం చెక్ చెయ్యలేం."

"ముందే కొట్టేస్తే?"

"అనుమానం జెరూష మీదకి వెళ్తుంది."

జెరూష వరప్రసాద్‌కి పీఆర్ మేనేజర్. ఆమె తమ మనిషేనని ముఠా నమ్మకం. రెండేళ్లుగా ఆమె నిజంగా పనిచేస్తున్నది కమలాకర్‌కి.

"అచ్చం అలాంటి వ్యాన్ ఇంకొకటి కావాలి. అందులో తప్పుడు పేర్లుంటాయి. నీకు రెండు రోజులు టైమ్." కమలాకర్ ఫైలు తిరగేశాడు. "హాబీ, బొమ్మ వాహనాలు. కుటుంబం, లేదు. ఈ పనికి నీకంటే తగినవాడు లేడు."

అది పొగడ్తో కాదో బెన్సన్‌కి అర్థం కాలేదు.

మోతీనగర్‌లో ఒక ఫ్యాన్సీ షాపులో నూట ఇరవై రూపాయల ఎర్ర వ్యాన్ దొరికింది. ఫిల్మ్‌నగర్ వాలులో తన అద్దె గదికి తెచ్చుకుని తలుపేసుకున్నాడు. అడుగున ఉన్న రివెట్లని చేతి డ్రిల్‌తో తొలిచి, బాడీని ఛాసిస్ నుంచి విడదీశాడు. ఎర్ర రంగుని పెయింట్ రిమూవర్‌తో వలిచేశాడు. ఉత్త లోహం మిగిలింది. పుట్టీ పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, బూడిదరంగు ప్రైమర్ కొట్టాడు. దాని మీద తెలుపు పల్చగా నాలుగు కోట్లు వేసి, టేపు అంటించి పక్కన నీలం గీత దించాడు. రాగి తీగతో పైన క్యారియర్ కట్టాడు. గుండుసూదుల తలలు సైడ్ మిర్రర్లయ్యాయి. చాక్‌పీసు పొడిలో గోధుమరంగు కలిపి చక్రాల దగ్గర దుమ్ము అద్దాడు.

ఎదురుగా జెరూష పంపిన ఇరవై మూడు ఫొటోలు. నోట్లో తనకి తెలియకుండానే మాటలు. "కాస్త ఓర్చుకో. ఈ తలుపొక్కటే."

"ఎవల్తోని మాట్లాడుతున్నవ్ బెన్సన్ సారూ?" ఇంటి ఓనరు నీలమ్మ కిటికీలోంచి తొంగిచూసింది. "లోపల ఎవ్వరు లేరు గదా!"

"ఫోనమ్మా."

"ఫోను మంచం మీద పడుంది. జర అన్నం తిను, పిచ్చి లేస్తది."

బుధవారం సాయంత్రం ఫోన్ మోగింది. నలభై సెకన్లకి మించి మాట్లాడకూడదన్నది రూలు.

"పెరుగు తోడుకుందా?" జెరూష గొంతు. వ్యాన్ సిద్ధమా అనడానికి అది కోడ్.

"తోడుకుంది. బరువెంత?"

"తొంభై ఆరు గ్రాములు. ప్యాంట్రీలో కాటా మీద పెట్టి చూశాను."

బెన్సన్ వ్యాన్ ఎనభై నాలుగే తూగింది. గాలానికి కట్టే సీసపు గుండ్లు ఫ్లోర్ కింద, తప్పుడు పేర్ల కార్డు పక్కన అతికిస్తే లెక్క సరిపోతుంది. ఆమె ఇంకేమైనా మాట్లాడుతుందేమోనని ఫోన్ చెవి దగ్గరే ఉంచుకున్నాడు. సరిగ్గా నలభయ్యో సెకనుకి లైన్ కట్టయింది.

గురువారం పది నలభైకి ఏసీ మెకానిక్ తిరుమలేశ్ వేషంలో బెన్సన్ జూబ్లీహిల్స్ ఆఫీసులో నిచ్చెనెక్కాడు. పెట్టుడు మీసం, బూడిదరంగు యూనిఫాం, కాలర్ గుండీలో మైక్. ఏసీని పాడుచేసింది జెరూషే. తలుపు దగ్గర నిలబడి, "తొందరగా కానివ్వవయ్యా," అని కసిరింది. రెండేళ్లుగా గొంతు తప్ప తెలియని మనిషిని బెన్సన్ చూడటం అదే మొదటిసారి. ఆమె మాత్రం అతన్ని మెకానిక్‌ని చూసినట్టే చూసింది. అలా చూడటమే ఆమె డ్యూటీ.

జేబులో పెన్నులా ఉన్న జామర్ నొక్కాడు. సీసీ కెమెరా తొంభై సెకన్లు స్తంభించింది. అసలు వ్యాన్ టూల్ బ్యాగ్ దొంగ అరలోకి, కొత్త వ్యాన్ టేబుల్ మీదకి. మళ్లీ నిచ్చెనెక్కేసరికి తలుపు తెరుచుకుంది. వరప్రసాద్, వెనకే అతిథి.

వరప్రసాద్ మురిపెంగా వ్యాన్‌ని టేబుల్ మీద ఓ తోపు తోశాడు. అది సర్రున అవతలి అంచుదాకా దొర్లింది.

అతని నవ్వు ఆగిపోయింది. "ఇదేంటి? దీని వెనక చక్రం తిరగదే! ఎప్పుడూ ఈడ్చుకుంటూ పోయేది."

ఆ సంగతి ఫొటోలు చెప్పలేదు. అతిథి చెయ్యి కోటు లోపలికి వెళ్లింది.

"నేనే సార్!" నిచ్చెన మీంచి బెన్సన్ గబగబా దిగాడు. "తప్పయింది. చక్రంల దారం ఇరుక్కుంటే తీసి, జర నూనె ఏసిన. మా బిడ్డకి గిట్లాంటి బండ్లంటే పానం సార్. ఇంట్ల అన్నీ నేనే బాగుచేస్త. చెయ్యి ఊకుంటలేదు."

వరప్రసాద్ అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "ఏం పేరు మీ అమ్మాయిది?"

తిరుమలేశ్‌కి ఆధార్ కార్డుంది, బోరబండలో అడ్రస్ ఉంది. కూతురి పేరు మాత్రం ఎవరూ రాసివ్వలేదు.

"శ్రీనిధి సార్."

"ఎన్నో క్లాసు?"

"మూడు. లెక్కలల్ల ఫస్టు సార్. పండుకునేటప్పుడు గూడ పక్కన బండి ఉండాలె." ఆగవలసిన చోట మాట ఆగలేదు. "నేను పోయేదాంక మేలుకొనే ఉంటది."

వరప్రసాద్ పెదవులు విచ్చుకున్నాయి. వ్యాన్‌ని చేత్తో తూచి చూసి అతిథికి అందించాడు. టేబుల్ సొరుగులోంచి పెద్ద చాక్లెట్ తీసి బెన్సన్ చేతిలో పెట్టాడు. "మీ పాపకివ్వు."

గోడ గడియారం పదకొండు కొట్టింది. తప్పుడు పేర్లు కారెక్కి ఎయిర్‌పోర్టుకి బయల్దేరాయి. లిఫ్టు దగ్గర జెరూష విజిటర్స్ బుక్ చాపింది. "సంతకం పెట్టు తిరుమలేశ్." అంతే. తలుపులు మూసుకున్నాయి.

మధ్యాహ్నం శ్రీనగర్ కాలనీలో కమలాకర్ రసీదు రాస్తున్నాడు. "మోడల్ వ్యాన్ ఒకటి. మెమరీ కార్డు ఒకటి. చాక్లెట్ ఒకటి. శత్రువు ఇచ్చిన ప్రతి వస్తువూ ల్యాబ్‌కి పోవాలి."

బెన్సన్ జేబు మీంచి చెయ్యి తియ్యలేదు. "అది మా అమ్మాయిది సర్."

గుండీ మైక్‌లో మొత్తం విన్న కమలాకర్ మళ్లీ రసీదు మీదకి వంగాడు. మూడో వస్తువుని కొట్టేసి, పెన్ను క్యాప్ పెట్టాడు.

"ఒక్కసారే మొత్తం తినెయ్యనివ్వకు. మూడో క్లాసు పిల్లలకి పళ్లు త్వరగా పుచ్చిపోతాయి."